ఒకే చూరు క్రింద ఇద్దరు చూలాండ్రు

(గుడ్లవల్లేరులో శ్రావణ శుక్రవారము నాడు స్త్రీల సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేడు వరలక్ష్మీ వైభవమును గూర్చి చెప్పవలెనని సంకల్పించి వచ్చితిమి. కాని మండపములో కాలు పెట్టగానే మా దృష్టి ఒక విషయముపై నిలిచినది. నెలలు నిండిన తల్లులు ఇద్దరు వచ్చి యున్నారు. ఒకరు ఈ గోడ ప్రక్కను, మరియొకరు ఆ వెనుక స్తంభము చాటున కూర్చుండిరి. చోటు లేక కాదు. ఒకరికొకరు ఎదురుపడరాదని ఇంటివారు చెప్పి పంపిరట. ఈ మాట విన్న పిమ్మట మేము తెచ్చుకొన్న కథను ప్రక్కన పెట్టితిమి. అమ్మవారు క్షమించును గాక.

మన ప్రాంతములో కొన్ని ఇండ్లలో ఒక నమ్మకము కలదు. గర్భవతులు ఇద్దరు ఒకే ఇంట ఉండరాదు, ఒకే పంక్తిని భుజింపరాదు, ఒకరి సీమంతమునకు వేరొకరు పోరాదు అందురు. అన్ని ఇండ్లలో లేదు, కొన్ని ఇండ్లలోనే కలదు. ఎందుకని అడిగినచో "పెద్దలు చెప్పారు" అని సమాధానము వచ్చును. ఆ పెద్దలను అడిగినచో వారికిని వారి పెద్దలు చెప్పిరి. ఎవరిని నిందించుటకును మేము ఈ ప్రస్తావన తేలేదు. నిందింపవలసి వచ్చినచో మొదట మమ్ము మేమే నిందించుకొనవలెను. ఆ సంగతి చెప్పెదము.

కొన్ని సంవత్సరముల క్రిందట ఈ చుట్టుప్రక్కల ఒక గ్రామములో, కాలువ గట్టున నున్న ఒక గృహస్థుని ఇంట సత్యనారాయణ వ్రతము చేయించుటకు పోయితిమి. ఆ ఇంట ఇద్దరు కోడండ్రు. పెద్దామెకు ఎనిమిదవ నెల, చిన్నామెకు ఆరవ నెల. వ్రతము ముగిసి తాంబూలము పుచ్చుకొనుచుండగా అత్తగారు మెల్లగా వచ్చి, "అయ్యగారూ! ఇద్దరూ కడుపుతో ఉన్నారు. ఒకే చూరు కింద ఉంచకూడదంటున్నారు. పెద్దదానికి తల్లి లేదు, పుట్టింటికి పంపే దారి లేదు. కాలువ అవతల మా ఆడపడుచు వాళ్ళ ఇల్లు ఖాళీగా ఉంది. అక్కడ ఉంచమంటారా?" అని అడిగెను.

ఆ రోజు మాకు గుడివాడలో మరియొక వ్రతము ఉండెను. "ఆచారం కదమ్మా, అట్లాగే కానివ్వండి" అని చెప్పి లేచితిమి. ఏ శాస్త్రమును చూచి చెప్పితిమి? ఏ శాస్త్రమును చూడలేదు. బస్సు వేళ చూచి చెప్పితిమి.

ఆ పెద్దకోడలిని కాలువ అవతలి ఇంటికి మార్చిరి. భోజనము పిల్లవాడు కారియరులో తెచ్చి ఇచ్చి పోవుచుండెను. భర్త రాత్రికి వచ్చుచుండెను. పగలంతయు ఆమెకు మాట్లాడు దిక్కు లేదు. కాళ్ళు వాచినవి. నెలలు నిండిన వారికి కాళ్ళు వాచుట ఉన్నదే కదా యని ఊరకుండెను. తల నొప్పి పెట్టినది, నిద్ర చాలలేదనుకొనెను. చూపు మసకబారినది. ఆ మాట అలసి వచ్చిన భర్తతో చెప్పుటకు ఆమెకు మొగమాటము కలిగెను.

అవి అంగన్‌వాడీలో గర్భవతులకు మధ్యాహ్న భోజనము పెట్టుచున్న దినములు. ఆడంబరము లేని ఆ పాకలో కోడండ్రిద్దరును కలిసిరి. ఇంట కట్టిన నియమము అక్కడ చెల్లలేదు. చిన్నకోడలు అన్నము కలుపుకొనుచు తలయెత్తి చూచి, "అక్కా! నీ మొహమేంటి ఇట్లా ఉబ్బింది? గాజులు కూడా చేతికి బిగిసిపోయాయి చూడు" అనెను. "ఏం లేదే, నిద్ర లేక" అని ఈమె అనినను ఆమె వినలేదు. విస్తరి ముందు నుండి లేపి, చేయి పట్టుకొని నర్సమ్మ దగ్గరకు తీసికొని పోయెను. రక్తపుపోటు చూడగా మిక్కిలి హెచ్చుగా ఉన్నది. 108 వాహనమును పిలిచి పెద్దాసుపత్రికి చేర్చిరి. ఇంకను ఆలస్యమైనచో గుర్రపువాతము వచ్చి ఉండెడిదని వైద్యులు చెప్పిరట. నెలలు నిండకుండనే కాన్పు చేయవలసి వచ్చెను. బిడ్డ చిన్నదిగా పుట్టినది గాని బ్రతికినది, తల్లియు బ్రతికినది. ఆ పాప ఇప్పుడు బడికి పోవుచున్నది.

మరుసటి సంవత్సరము ఆ ఇంటికి పోయినప్పుడు ఆ అత్తగారే ఈ కథ యావత్తును చెప్పెను. మమ్ము ఒక్క మాట అనలేదు. అనియున్న బాగుండెడిది.

అప్పుడు ఇంటికి వచ్చి గ్రంథములు తీసితిమి. చేయవలసిన పని ఆలస్యముగా చేసితిమి.

ఆశ్వలాయన గృహ్యసూత్రములో సీమంతోన్నయన ప్రకరణము మిక్కిలి చిన్నది. భర్త పచ్చి మేడికాయల గుత్తితోను, మూడు తెల్లని మచ్చలు గల ముండ్లపంది ముల్లుతోను, దర్భలతోను భార్యకు పాపట తీయును. పిమ్మట వీణ వాయించువారిని సోమరాజును గానము చేయుడని కోరును. ఆ గానములో తాము ఏ నది ఒడ్డున నివసించుచున్నారో ఆ నది పేరు చేర్చవలెనట. మన కాలువలలో పారునది కృష్ణవేణీ జలమే గనుక మనవారు ఆమె పేరు చేర్చుకొనవచ్చును. అటుపిమ్మట సూత్రకారుడు చెప్పిన మాటను చూడుడు. భర్తయు బిడ్డలును గల పెద్ద స్త్రీలు ఏమేమి చెప్పుదురో అదెల్ల చేయవలెనని విధించి ఊరకుండెను. మంత్రము పురుషుని నోట పెట్టి, చివరి మాటను స్త్రీల కప్పగించెను. ఇద్దరు గర్భిణులను విడదీయుమను మాట ఆ ప్రకరణములో లేదు.

చరకసంహిత శారీరస్థానములో ఎనిమిదవ అధ్యాయమును చూచితిమి. గర్భవతిని అంచుల దాక నూనె నింపిన పాత్రను మోయునట్లు తొణకకుండ చూచుకొనవలెనని అచట కలదు. ప్రసవకాలములో ఆమె చుట్టును ఎవరుండవలెనో కూడ చెప్పెను. పలుమార్లు కన్న తల్లులు, స్నేహభావము కలవారు, ఎల్లప్పుడును ఆమె యందు ప్రేమ గలవారు ఉండవలెను. గర్భమునకు హాని చేయు సంగతులను కూడ ఆ అధ్యాయము చెప్పుచున్నది. ఎగుడుదిగుడు ఆసనములు, కఠినమైన శ్రమ, వేగములను ఆపుకొనుట మొదలగునవి ఉన్నవి. తోటి గర్భవతి ముఖము చూచుట అందులో లేదు.

ఇక పురాణేతిహాసములు. అయోధ్యలో ఒకే అంతఃపురమున ముగ్గురు తల్లులు ఒకేసారి గర్భము ధరించిరి. వాల్మీకి రామాయణములో పాయసమును దశరథుడే పంచెను. అధ్యాత్మ రామాయణములో కౌసల్యయు కైకయు తమ తమ భాగముల నుండి తీసి సుమిత్రకు పెట్టిరి. ఏ వంతు ఎంత యను లెక్కలు పండితులు చూచుకొందురు. కడుపు పండుటకు వచ్చిన ప్రసాదమును సవతులు పంచుకొని తినిరన్న మాట చాలును. ఆ తరువాత కైక ఏమి చేసినదని మీరు అడుగుదురు. అది వేరు కథ. ఆ నెలలలో మాత్రము ఆ ఇంట కలతలేదు, నలుగురు బిడ్డలును క్షేమముగా కలిగిరి.

గోకులమును చూడుడు. కంసుని భయముచే వసుదేవుని భార్య రోహిణి నందుని ఇంట తల దాచుకొని యుండెను. భర్త చెరసాలలో ఉన్నాడు. యోగమాయ దేవకి గర్భమును తెచ్చి ఆమె యందు నిలిపెను. యశోద ఆ ఇంటి ఇల్లాలు. పరుల ఇంటి గర్భిణి మా ఇంట పురుడు పోసికొనరాదని యశోద అనలేదు. బలరాముడు పుట్టిన ఇంటనే యశోదయు ప్రసవించెను. ప్రసవశ్రమ చేత ఆమె ఒడలు తెలియక నిద్రించి, తనకు పుట్టినది ఆడుబిడ్డయో మగబిడ్డయో కూడ ఎరుగనంత అలసెనని భాగవతము చెప్పుచున్నది. తెల్లవారి నందోత్సవములో సర్వాభరణములు ధరించి నలుగురి నడుమ తిరుగుచున్నది ఎవరు? రోహిణి. ఆశ్రయము పొందవచ్చిన ఆమె, ఆశ్రయమిచ్చిన ఆమె పురిటింట ఉన్నవేళ ఇంటి పెత్తనము మోసినట్లు మాకు తోచును. చెరసాలలో కన్న దేవకీదేవికి ఈ భాగ్యము లేకపోయెను.

సీతమ్మవారిని అరణ్యమున విడిచిరి గదా. వాల్మీకి మహర్షి ఆమెను చూచినంతనే ఏమి చేసెను? తన పర్ణశాలలో కూర్చుండబెట్టి ధర్మోపదేశము చేయలేదు. ఆశ్రమములోని మునిపత్నుల చేతిలో పెట్టెను.

ఇన్ని కథలలో ఒక్క చోట మాత్రము ఘోరము జరిగినది. గాంధారి రెండు సంవత్సరములు గర్భము మోసెను. కుంతికి సూర్యసమానుడైన కొమారుడు కలిగెనన్న వార్త విని, అసూయయు దుఃఖమును పట్టలేక తన కడుపును తానే బాదుకొనెను. ఇనుపగుండు వంటి మాంసపిండము పడినది. వ్యాసభగవానుడు వచ్చి నేతికుండలలో నిలిపి కాపాడెను. ఈ కథను అసూయకు దృష్టాంతముగా చెప్పుదుము. మేమును ఎన్నోసార్లు అటులే చెప్పితిమి. ఇప్పుడు మరల చూచినప్పుడు మాకు వేరొకటి కానవచ్చినది. ఆ తోటికోడండ్రిద్దరును ఎక్కడ ఉండిరి? కుంతి శతశృంగమున, గాంధారి హస్తినాపురమున ఉండిరి. ఒకరి మొగము ఒకరు చూడలేదు. వార్త మాత్రము అందినది, మనిషి అందలేదు. రెండేండ్లు నిండిన కడుపుతో ఒక్కతెయై కూర్చున్న ఆ ఇల్లాలి చేయి పట్టుకొని "నాకును ఈ భయమే ఉండెను" అని చెప్పువారు ఒక్కరైన ఉండినచో ఆమె చేయి తన కడుపు మీదకు లేచెడిదా? మాకు తెలియదు. మనము భయపడి విడదీయుచున్నాము గాని, ఇతిహాసములో కీడు విడిగా ఉన్నవారికే కలిగినది.

మరి పెద్దలు ఊరక చెప్పిరా? ఊరక చెప్పియుండరు. ఒకే నెలలో ఇద్దరికి పురుడు వచ్చినచో పురిటి మైలలు ఒకదానిపై ఒకటి పడును. వేన్నీళ్ళు కాచుటకు, పథ్యము వండుటకు ఇంట చేతులు చాలవు. ఒకరి బిడ్డ బలముగా పుట్టి వేరొకరి బిడ్డ నిలువకపోయినచో ఆ బాధను చూచి ఓర్చుకొనుట కష్టము. ఇటువంటి సంగతులు ఎన్నో చూచి, నోరు విప్పి కారణము చెప్పలేక నియమము చేసియుందురు. కారణము మరచితిమి, నియమము మాత్రము మిగిలినది. ఆసుపత్రి కాన్పులు వచ్చిన పిమ్మట ఆ కారణములలో సగము పోయినవి. తక్కిన సగమునకు మందు, మనుషులను విడదీయుట కాదు, చేతులను కలుపుట.

పుస్తకములలోనిదే కాక లోకములో జరిగినదియు చెప్పెదము. నేపాల దేశములో మక్వాన్‌పూర్ అను కొండ జిల్లాలో పల్లె స్త్రీలు నెలకొకసారి కూడుకొని, గర్భిణుల కష్టములను, పురిటి బిడ్డల సంగతులను మాట్లాడుకొనునట్లు చేసిరి. నడిపించినది డాక్టరు కాదు, ఆ ఊరి స్త్రీయే. 2004లో ఆ ఫలితము లాన్సెట్ అను వైద్యపత్రికలో వచ్చినది. అట్టి కూటములు లేని ఊళ్ళతో పోల్చగా ఆ ఊళ్ళలో పుట్టిన నెలలోపు చనిపోవు బిడ్డలు నూటికి 30 పాళ్ళు తగ్గిరి. మన దేశములోనే జార్ఖండ్, ఒడిశా ఆదివాసీ పల్లెలలో 2005 నుండి 2008 వరకు అదే పద్ధతిని చేసి చూచిరి. అక్కడ 32 పాళ్ళు తగ్గినవి. మూడవ సంవత్సరమునకు తల్లుల మనోవ్యాకులత కూడ సగమునకు పైగా తగ్గినది. 2013లో ఇట్టివి ఏడు ప్రయత్నములను కలిపి చూచిరి. ఊరిలోని గర్భిణులలో ఇంచుమించు మూడవ వంతు మందియైన ఆ కూటములకు వచ్చిన చోట్ల తల్లుల మరణములు సగము వరకు తగ్గినవని తేలినది. కొత్త ఔషధమేదియు అచట పంచలేదు. బొమ్మలు చూపించి, కథలు చెప్పుకొని, "మన ఊళ్ళో ఎందుకిట్లా జరిగింది, ఏం చేద్దాం" అని కూర్చుండి మాట్లాడుకొనిరి. మనము పేరంటము అనుచున్నది ఇంచుమించు ఇదియే కదా! పసుపు రాసుకొని ఇంటికి పోకుండ మరికొంత సేపు మాట్లాడుకొన్న పేరంటము అది.

మన రాష్ట్రములోను 2013లో అమృతహస్తము అను పేర అంగన్‌వాడీలలో గర్భిణులకు, బాలింతలకు ఒక పూట నిండు భోజనము పెట్టిరి. అన్నము, ఆకుకూర పప్పు, గ్రుడ్డు, పాలు ఇచ్చి, రక్తము పట్టుటకు ఐరన్ మాత్రను అక్కడనే మ్రింగించెడివారు. తరువాత పేర్లు మారినవి, సరుకులు ఇంటికి ఇచ్చు పద్ధతియు వచ్చినది. ఇంటికి ఇచ్చుట సుఖమే. కాని ఇంటికి వచ్చిన గ్రుడ్డు ఇంటిలో ఎవరి విస్తరిలో పడునో చెప్పలేము. ఒక పంక్తిని కూర్చుండి తిన్నప్పుడు, ఎదుటివారి మొగము వాచినది కనబడును. మేము చెప్పిన కథలో ఆ తల్లిని కాపాడినది అటువంటి పంక్తియే.

ఈ తీరమున ఉన్న మనకు తుపాను సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు దాదాపు పదివేల మంది పోయిరి. ఆ రాత్రిని ఎరిగిన వృద్ధులు ఈ సభలోనే ఉండవచ్చును. ఈ కాలమున తుపాను హెచ్చరిక వచ్చినచో ప్రసవము దగ్గరపడిన వారిని ముందుగానే ఆసుపత్రులకు తరలించుచున్నారు. అచట ఏ ఊరి వారో, ఏ కులము వారో, ప్రక్క ప్రక్క మంచములపై పడుకొందురు. ఒకే చూరు క్రింద ఇద్దరు కాదు, పది మంది చూలాండ్రు! బయట గాలి హోరుమనుచుండగా ఒకరి ఫ్లాస్కులోని పాలు ఒకరు త్రాగుదురు. ప్రాణాపాయ సమయమున చెల్లని నియమము మంచిరోజున మాత్రము ఎందుకు చెల్లవలెను?

తల్లులారా! కలిసి కూర్చుండుడని చెప్పినంత మాత్రమున చాలదు, ఏమి మాట్లాడుకొనవలెనో కూడ చెప్పవలెను. చివరి మూడు నెలలలో బిడ్డ కదలిక ఎట్లున్నదో ఒకరినొకరు రోజూ అడుగుడు. నిన్నటి కంటె కదలిక తగ్గినదన్నచో రేపటి వరకు ఆగవద్దు. కాళ్ళ వాపు సామాన్యమే గాని, ముఖము, చేతులు ఉబ్బుట, తగ్గని తలనొప్పి, కన్నులు మసకబారుట, రొమ్ము క్రింద కడుపు పైభాగమున నొప్పి సామాన్యములు కావు. ఎర్ర కనబడినను, ఉమ్మనీరు పోయినను, జ్వరము కాచినను అంతే. అప్పుడు మంచిగంట చూడవద్దు, 108కి ఫోను చేయుడు. వర్జ్యమును మేము చూచుకొందుము. నెలనెలా తొమ్మిదవ తేదీన ప్రభుత్వాసుపత్రులలో గర్భిణులకు ప్రత్యేకముగా పరీక్షలు చేయుట 2016 నుండి జరుగుచున్నది. ఒక్కరు పోవుటకు జంకినచో ఇద్దరు కలిసి పొండి. కాగితములు ఒకే సంచిలో పెట్టుకొనవద్దు, తారుమారగును. ఇది నవ్వులాట కాదు, మేము చూచినదే.

పలుకరాని మాటలును ఉన్నవి. "నీ కడుపు చిన్నదే", "పోయినసారి పోయింది కదా, ఈసారి జాగ్రత్త", "నడక చూస్తే ఆడపిల్లే" అను మాటలు మూతిలోనే ఉంచుకొనుడు. ఒకరికి ఇచ్చిన మాత్ర మరియొకరికి ఇవ్వవద్దు. బిడ్డను కోల్పోయిన తల్లి మీ మధ్య ఉన్నచో ఆమెను చూచి దిష్టి యని తప్పుకొనుట మహాపాపము. ఈ మాట మేము శాస్త్రము చూచియే చెప్పుచున్నాము. ఉత్తర గర్భములోని పరీక్షిత్తును శ్రీకృష్ణపరమాత్మ కాపాడినప్పుడు, ఆ ఉత్తర చుట్టును ఉన్న స్త్రీలలో బిడ్డలందరిని పోగొట్టుకొన్న ద్రౌపదియు, అభిమన్యుని పోగొట్టుకొన్న సుభద్రయు ఉండిరి. వారిని ఆ గర్భవతి దగ్గర నుండి ఎవరు తరిమిరి?

కాన్పు గదిలో తోడుగా ఒక స్త్రీని ఉండనీయవచ్చునని 2016లో కేంద్ర ప్రభుత్వము రాష్ట్రములకు తెలిపినది. ఆ తోడు వచ్చునామె కాన్పు ఎరిగినదై ఉండవలెనట. చరకుడు చెప్పినదియు అదియే. కనుక మీలో ముందుగా కన్న తల్లి, తరువాత కనబోవు ఆమెకు తోడు పోవచ్చును. మా కథలోని చిన్నకోడలికి నొప్పులు వచ్చినప్పుడు, నెలల పాపను అత్తగారి ఒడిలో పెట్టి పెద్దకోడలే ఆమెతో పోయెను.

ఇప్పుడు నాట్ల కాలము. కూలికి పోవు తల్లులు ఎనిమిదవ నెలలోను నడుము వంచి బురదలో నిలుచుచున్నారు. వారు ఈ సభకు రాలేదు, రాలేరు. సీమంతము, గాజులు, చలిమిడి అని మనము చేసికొనునవి వారి గుమ్మము దాక పోవుట లేదు. ఈ శ్రావణములో వాయనము ఒకటి ఆ ఇండ్లకును పంపుడు. పంపుటతో ఊరకుండక, మీలో కడుపుతో ఉన్నవారే స్వయముగా తీసికొనిపోయి ఇచ్చి, కాసేపు కూర్చుండి రండి.

సరే, హారతి వేళ అగుచున్నది. స్తంభము చాటున కూర్చున్న తల్లీ, లేచి నెమ్మదిగా ఇటు రావమ్మా. తొందర లేదు. కుర్చీ వేయుడు నాయనా, నేల మీద వద్దు. ఈ గోడ ప్రక్కన ఉన్న అమ్మాయి దగ్గర కూర్చో. అమ్మవారి శేషవస్త్రము, గాజులు మీ ఇద్దరికీ ఒకే పళ్ళెములో ఇచ్చుచున్నాము. నీకెన్నో నెల, నీకెన్నో నెల అని మీరే అడుగుకొనుడు. ఇంటికి పోయిన పిమ్మట ఎవరైన అడిగినచో మేము చెప్పితిమని చెప్పుడు. ఈసారి పుస్తకము చూచియే చెప్పితిమి.